ఏడేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ ల్యాబ్‌లోకి: జీతం లేకుండా రమ్మంటే వెళ్లాలా?

పాసేజ్_7

పీహెచ్‌డీ సెల్ బయాలజీలో. తర్వాత పోస్ట్‌డాక్‌లో రొమ్ము క్యాన్సర్ కణాలు ఎలా కదులుతాయన్న దాని మీద పని చేశాను. ఫస్ట్ ఆథర్‌గా రెండు పేపర్లు, మధ్యలో ఎక్కడో పేరున్నవి ఇంకొన్ని. బాబు పుట్టాక కూడా ఎలాగో లాక్కొచ్చాను. పాప కడుపులో ఉండగా మా అత్తగారికి స్ట్రోక్ వచ్చింది. కాంట్రాక్ట్ అయిపోయింది, రెన్యూ చేయమని నేను అడగలేదు. ఏడేళ్లు గడిచాయి. ఇప్పుడు పిల్లలిద్దరూ స్కూల్లో పడ్డారు, అత్తగారు కర్ర పట్టుకుని తన పనులు తానే చేసుకుంటున్నారు. నాకు మళ్లీ ల్యాబ్‌కి వెళ్లాలని ఉంది.

అప్లై చేసిన ప్రతిచోటా ఇదే తంతు. ఆన్‌లైన్ ఫారంలో "గత ఐదేళ్ల ప్రచురణలు" అని ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే ఎర్ర గీత వస్తుంది, ఫారం ముందుకు కదలదు. సున్నా అని కొట్టి పంపుతున్నాను. ఒకచోట ఇంటర్వ్యూ దాకా వెళ్లింది. ప్యానెల్‌లో ఒకాయన "మరి ఇన్నేళ్లు ఏం చేశారు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "ఇంట్లోనే కదా" అని జవాబు కూడా తానే చెప్పేశారు.

ఇప్పుడు ఒక ల్యాబ్ హెడ్ "ఆర్నెల్లు జీతం లేకుండా వచ్చి పని చేయండి, చేయి తిరిగాక చూద్దాం" అంటున్నారు. మా వారు వద్దంటున్నారు. నాకేమో ఇది కూడా చేజారిపోతుందేమోనని టెన్షన్. సీవీలో ఈ గ్యాప్ ఎలా చూపించాలి, కొత్తవి ఏం నేర్చుకోవాలి, అసలు ఈ ఆర్నెల్ల బేరానికి ఒప్పుకోవాలా? ఇలా వెళ్లి మళ్లీ వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రివ్యూవర్_2

చేదుగా ఉన్నా చెప్తాను. ఇక్కడ అడ్డం మీ గ్యాప్ కాదు, ల్యాబ్ హెడ్ లెక్క. చేతిలో మూడేళ్ల గ్రాంట్ ఉందనుకోండి. కొత్త మనిషి కుదురుకోవడానికి ఆర్నెల్లు, పేపర్ రివ్యూల్లో తిరగడానికి ఏడాది. మిగిలింది మీరే వేసుకోండి. నిన్నటిదాకా బెంచ్ మీద ఉన్న మనిషి దొరుకుతుంటే ఆయన మీ వైపు ఎందుకు చూస్తాడు? పైగా మీరు వెళ్లాక జన్యువుల్ని సరిదిద్దే ప్రైమ్ ఎడిటింగ్ వచ్చింది (2019), ప్రోటీన్ ఆకారం ఊహించే ఆల్ఫాఫోల్డ్ వచ్చింది, సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ మామూలైపోయింది. ఇప్పుడు పీహెచ్‌డీలో చేరిన పిల్లలే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టులు రాసుకుంటున్నారు.

అగరోజ్_అక్క

రెండో నంబర్ గారు ఎప్పటిలాగే పేపర్ చదవకుండానే రిజెక్ట్ కొట్టారు.

పాసేజ్ గారూ, నేను పిల్లల కోసం మానేసి చాలా ఏళ్ల తర్వాత వెళ్లినదాన్నే. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లని జెల్‌లో విడదీసి గుర్తుపట్టే పద్ధతి) ఇంకా వెస్టర్న్ బ్లాటే అండీ. చీకటి గదిలో ఫిల్మ్ కడిగే పని చాలాచోట్ల తప్పింది, కెమెరా పెట్టెలో పెడితే బొమ్మ కంప్యూటర్‌లో పడుతుంది. బ్లాకింగ్ మాత్రం ఇప్పటికీ పాలపొడితోనే, ఫాస్ఫో యాంటీబాడీ అయితే బీఎస్‌ఏ అనే ప్రోటీన్‌తో. డీఎన్‌ఏ జెల్‌లో రంగుకి ఎథిడియం బ్రోమైడ్ బదులు సైబర్ సేఫ్ లాంటివి వాడుతున్నారు. మారిందల్లా జర్నల్స్ పట్టింపు. కత్తిరించని ముడి బ్లాట్లు మొత్తం పంపమంటారు. బ్యాండ్ చుట్టూ కత్తిరించి పక్కపక్కన అతికించే రోజులు పోయాయి.

చేతి విషయానికొస్తే, మొదటి వారం ఎవరూ లేనప్పుడు బ్యాలెన్స్ దగ్గర కూర్చుని వంద మైక్రోలీటర్ల నీళ్లు తీసి తూచండి. వంద మిల్లీగ్రాములు రావాలి. పదిసార్లు చేస్తే అంకెలు ఎంత దగ్గరగా పడుతున్నాయో మీకే తెలుస్తుంది. బొటనవేలు మొదటి స్టాప్ దగ్గర ఆగడం నాకు రెండో రోజుకే వచ్చేసింది. అంకెలు తేడాగా వస్తే మీ చేతిని అనుమానించే ముందు పైపెట్ క్యాలిబ్రేషన్ స్టిక్కర్ మీద తేదీ చూడండి.

సీవోటూ_సిలిండర్

ఏ సెల్ లైన్ మీద పని చేశారు? 435 కాదు కదా?

పాసేజ్_7

231. బతికిపోయాను.

నిద్రలేని_నాన్న

నాది మొక్కల బయాలజీ. ఈ 435 గొడవేంటో ఎవరైనా చెప్పండి.

సీవోటూ_సిలిండర్

ఎండీఏ-ఎంబీ-435. రొమ్ము క్యాన్సర్ కణాలనుకుని ఏళ్ల తరబడి వందల పేపర్లు రాశారు. తీరా జన్యు వేలిముద్ర చూస్తే ఎం14 అనే మెలనోమా లైన్‌తో సరిపోయింది. చర్మ క్యాన్సర్ అన్నమాట. 231 మాత్రం అసలుసిసలు రొమ్ము క్యాన్సర్‌దే. ఇలాంటి దెబ్బలు తగిలాకే చాలా జర్నల్స్ ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (అదే ఆ జన్యు వేలిముద్ర) అడగడం మొదలుపెట్టాయి.

పాసేజ్ గారూ, ఇది మీకు పనికొస్తుంది. "మళ్లీ మొదలుపెడితే మొదటి వారం ఏం చేస్తారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే, కణాలకి ఎస్‌టీఆర్, మైకోప్లాస్మా టెస్ట్ చేయిస్తానని చెప్పండి. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి కణ కవచం ఉండదు, పెనిసిలిన్ దాన్ని ఏమీ చేయదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనబడదు, మీడియం కూడా మసకబారదు. దాని గురించి భయపడే మనిషిని ఏ ల్యాబ్ హెడ్ అయినా ఇష్టపడతాడు.

మైకో_భయం

నా హ్యాండిల్ చూసి పిలిచినట్టున్నారు, వచ్చేశాను.

జీతం లేని పని దగ్గరికొద్దాం. వెళ్లొద్దు. నేను వెళ్లాను కాబట్టి చెప్తున్నాను. మా అమ్మ జబ్బు చేసి పోయాక తిరిగి వద్దామనుకుంటే నాకూ ఇదే మాట చెప్పారు, "కొన్ని నెలలు చూద్దాం" అని. మొదట్లో బాగానే ఉంది. తర్వాత నా టేబుల్ మీదికి వచ్చినవి: ఇంక్యుబేటర్ ట్రేలో నీళ్లు మార్చడం, మీడియా కలపడం, కొత్త స్టూడెంట్‌కి ట్రాన్స్‌ఫెక్షన్ (కణాల్లోకి డీఎన్‌ఏ లాంటివి ఎక్కించడం) నేర్పడం. నేను నేర్పిన ఆ స్టూడెంట్ పేరు పేపర్ మీదికి వెళ్లింది, నా పేరు చివర్లో కృతజ్ఞతల్లోకి వెళ్లింది. పొజిషన్ సంగతి అడిగితే "ఈసారి గ్రాంట్ రాలేదమ్మా" అన్నారు. దాన్ని వాలంటరీ అంటారట. మా నాన్న అయితే వెట్టిచాకిరీ అన్నాడు.

ఈగల_గది

మైకో గారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ అందరికీ అలాగే జరగదు. నేను డ్రోసోఫిలా (పండ్ల ఈగ) ల్యాబ్‌లో కొన్ని వారాలు ఊరికే పని చేశాను. అక్కడివాళ్లే తర్వాత రికమండేషన్ లెటర్ రాశారు, ఆ లెటర్‌తోనే ఉద్యోగం వచ్చింది. పాత గైడ్ రాసే లెటర్‌లో ఏముంటుంది? "ఎనిమిదేళ్ల క్రితం చాలా బాగా పని చేసింది" అని. అది చదివేవాడికి ఏం లాభం? ఈ ఏడాది మిమ్మల్ని బెంచ్ మీద చూసిన మనిషి ఒక్కరు కావాలి. ఆ ఒక్క లెటర్ కోసమైనా వెళ్లొచ్చు.

మైకో_భయం

కొన్ని వారాలు వేరు, ఆర్నెల్లు వేరు. మీ ఇంట్లో ఇంకో జీతం వస్తోంది కాబట్టి మీకు కుదిరింది. నాకు రాలేదు.

ఈగల_గది

అది ఒప్పుకుంటాను.

రివ్యూవర్_2

నేనూ మైకో గారి వైపే. ఆశ్చర్యపోకండి, నేనూ ఒక ల్యాబ్ నడుపుతున్నాను. జీతం లేని మనిషిని నా ల్యాబ్‌లో పెట్టుకోను. జాలితో కాదు. జీతం లేని మనిషికి గడువు ఉండదు, గడువు లేని ప్రాజెక్ట్ ఎవరికీ పట్టదు. వారానికొకసారి నేను కూర్చుని డేటా చూసేది గ్రాంట్ రిపోర్ట్‌లోకి వెళ్లే పనినే. జీతం లేని మనిషి పని చూడటం ఎప్పుడూ వచ్చేవారానికి వాయిదా పడుతుంది.

ఇంకోటి ఎవరూ అనలేదు. పాసేజ్ గారి పేరు సంస్థ రికార్డుల్లో ఎక్కడ ఉంటుంది? విజిటర్ హోదా ఇచ్చారా, బయోసేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చారా, ఇన్సూరెన్స్ ఉందా? మనిషి రక్తం, కణజాలం ముట్టుకునే ల్యాబ్‌లో సూది గుచ్చుకుంటే ఎవరు బాధ్యత తీసుకుంటారు? ఆ ల్యాబ్ హెడ్‌ని ఇవి మెయిల్‌లో అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

అగరోజ్_అక్క

రెండో నంబర్ గారికి నా క్షమాపణలు. సగమే.

గ్రాంట్_గోల

అందరూ ఉచితంగా వెళ్లాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. మూడో దారి ఉంది. ల్యాబ్ హెడ్‌కి కావాల్సింది తన గ్రాంట్ ఖర్చు కాకుండా ఒక మనిషి. పాసేజ్ గారికి కావాల్సింది జీతం. రిటర్నర్ ఫెలోషిప్ అనేది ఈ ముడి విప్పడానికే పెట్టారు. జీతం బయటినుంచి వస్తుంది, ఆయన బెంచ్ ఇస్తాడు.

యూకేలో డాఫ్నీ జాక్సన్ ట్రస్ట్ ఉంది. డాఫ్నీ జాక్సన్ ఆ దేశంలో ఫిజిక్స్‌లో మొదటి మహిళా ప్రొఫెసర్ (1971). చదువుకున్న ఆడవాళ్లు పిల్లల తర్వాత సైన్స్‌కి దూరమై చిన్నాచితకా పనుల్లో మిగిలిపోవడం చూడలేక 1985లో ఈ ఫెలోషిప్‌లు మొదలుపెట్టింది. ఆవిడ పోయాక 1992లో ట్రస్ట్ అయింది. కనీసం రెండేళ్ల బ్రేక్ ఉండాలి. కుటుంబం, ఎవరినైనా చూసుకోవడం, ఆరోగ్యం, ఏదైనా సరే. మామూలుగా రెండేళ్లు, సగం పని గంటలు. ఏడాదికి వంద గంటలు రీట్రైనింగ్ చేయాలన్నది అందులో భాగమే. అంటే మీకు కొత్తవి రావని వాళ్లకి ముందే తెలుసు, అందుకే డబ్బిస్తున్నారు. మగవాళ్లూ అప్లై చేయొచ్చు.

ఇండియాలో డీఎస్‌టీ (కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ) 2002-03లో విమెన్ సైంటిస్ట్ స్కీమ్ పెట్టింది, అచ్చంగా కెరీర్ ఆగిపోయినవాళ్ల కోసం. తర్వాత అది కిరణ్ అయింది, వైజ్-కిరణ్ అయింది. పేర్లు మారుతుంటాయి కాబట్టి పాత బ్లాగులు నమ్మకుండా తాజా ప్రకటన చూడండి. బయాలజీ వాళ్లకి డీబీటీ (బయోటెక్నాలజీ శాఖ) వారి బయోకేర్ వేరే ఉంది, 2011 నుంచి. జర్మనీలో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్ట్ (ఈగల_గది గారికి చెప్పక్కర్లేదు, 1995 నోబెల్) 2004లో ఒక ఫౌండేషన్ పెట్టారు. అది రీసెర్చ్‌కి డబ్బివ్వదు. చిన్నపిల్లలున్న మహిళా సైంటిస్టులకి ఇంటి పనికి, పిల్లల్ని చూసుకోవడానికి మనిషిని పెట్టుకోమని ఇస్తుంది. అన్నిటికంటే తెలివైన గ్రాంట్ నా దృష్టిలో ఇదే.

ఈగల_గది

ఆవిడ ఈగల పిండాల్లో జన్యువుల్ని ఒక్కొక్కటే చెడగొట్టి చూసినావిడ. ఇళ్లల్లో పని ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవడం పెద్ద లెక్కా.

నిద్రలేని_నాన్న

మగవాళ్లూ చేయొచ్చు అన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. మా పాపకి పుట్టుకతో గుండె సమస్య. మా ఆవిడది పర్మనెంట్ ఉద్యోగం, నాది కాంట్రాక్ట్. ఎవరు మానాలో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. కానీ ఇంటర్వ్యూల్లో ఎవరూ నమ్మరు. ఆడవాళ్లని "ఇంట్లోనే కదా" అని తీసిపారేస్తారు, నన్నేమో "అసలు విషయం చెప్పండి, ఎక్కడైనా గొడవైందా?" అన్నట్టు చూస్తారు. పాత ల్యాబ్‌కి రహస్యంగా ఫోన్ చేసి కనుక్కున్నారని తర్వాత తెలిసింది.

రూల్స్ కూడా అంతే. యూరప్‌లో ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) గ్రాంట్లు కొన్నిటికి పీహెచ్‌డీ తర్వాత ఇన్నేళ్లలోపే అని ఉంటుంది. తల్లులకి బిడ్డకి 18 నెలల చొప్పున ఆ గడువు పెంచుతారు, ఎన్నాళ్లు సెలవు పెట్టావని అడగరు. తండ్రికి మాత్రం కాగితం మీద ఉన్న సెలవు ఎంతో అంతే. నేను సెలవు పెట్టలేదు, ఉద్యోగమే మానేశాను. కాగితం ఎక్కడినుంచి తేను?

అగరోజ్_అక్క

పాప ఎలా ఉంది బాబూ?

నిద్రలేని_నాన్న

పరిగెడుతోంది అక్కా. నేనే పట్టుకోలేకపోతున్నాను.

సీవీ_కత్తెర

సీవీ సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను తీసుకుంటాను. గ్యాప్‌ని దాచొద్దు, కథగా కూడా చెప్పొద్దు. ఉద్యోగాల వరుసలోనే, అదే అక్షరాల సైజులో, ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా "కెరీర్ బ్రేక్: పిల్లల, కుటుంబ సభ్యుల సంరక్షణ" అని ఒక్క లైను. దాని కింద ఇంకేమీ వద్దు. తేదీల్లో నెలలు తీసేసి గ్యాప్ చిన్నది చేసి చూపించే తెలివి అసలే వద్దు. ప్యానెల్ వాళ్లు మొదట చూసేది అదే.

ప్రచురణల జాబితా పైన మాత్రం ఒక వాక్యం పెట్టండి: పూర్తికాలం పరిశోధనలో ఉన్నది ఇన్నేళ్లు, ఆ ఏళ్లలో వచ్చినవి ఇవి. పేపర్ల సంఖ్యని పుట్టిన తేదీతో కాదు, బెంచ్ మీద ఉన్న ఏళ్లతో భాగించాలి. ఈ పద్ధతికి ఇప్పుడు అండ ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని తూచొద్దని డోరా ప్రకటన 2012లో రాశారు, ఎన్నో సంస్థలు సంతకం చేశాయి. మీరు అప్లై చేసే చోటు సంతకం చేసిందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది, చేసి ఉంటే కవర్ లెటర్‌లో నెమ్మదిగా గుర్తు చేయండి. 2019లో రాయల్ సొసైటీ అంకెల జాబితా బదులు వాక్యాల్లో రాసే సీవీ నమూనా ఒకటి తెచ్చింది. ఫండింగ్ సంస్థలు కొన్ని దాన్నే అడుగుతున్నాయి. మీలాంటివాళ్లకి అది మేలు.

పాసేజ్_7

ఒక ఫ్రెండ్ "ఇల్లు నడపడాన్ని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, టీమ్ లీడర్‌షిప్ అని రాయి" అంది.

సీవీ_కత్తెర

వద్దు. దయచేసి వద్దు.

రివ్యూవర్_2

అలాంటి సీవీ నా టేబుల్ మీదికి వచ్చింది. "ఇద్దరు జూనియర్ సభ్యుల బృందానికి నాయకత్వం" అని రాసి ఉంది. నవ్వుకున్నాను, పిలవలేదు.

నిద్రలేని_నాన్న

ఆ జూనియర్ సభ్యులు లీడర్ మాట విని ఉంటే కదా.

డేటా_పరాన్నజీవి

బెంచ్ దొరికేదాకా ఆగక్కర్లేదు, ఇంట్లో కూర్చునే పేపర్ రాయొచ్చు. నా పేరుకి కథ ఉంది. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకీయంలో, ఇతరుల డేటా వాడుకుని పేపర్లు రాసేవాళ్లని కొందరు "రీసెర్చ్ పారసైట్స్" అంటున్నారని రాశారు. జనానికి ఒళ్లు మండి, 2017 నుంచి అదే పేరుతో అవార్డు ఇస్తున్నారు. గర్వంగా పెట్టుకున్నాను.

జియో అని జన్యువుల పనితీరు డేటా దాచే డేటాబేస్ 2000 నుంచి ఉంది, ఉచితం. రొమ్ము క్యాన్సర్ డేటాసెట్లు కుప్పలుతెప్పలు. కోడింగ్ రాకపోతే గెలాక్సీ అనే సాధనంలో మొదలుపెట్టండి, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. తర్వాత ఆర్‌లో స్యూరా అనే ప్యాకేజీ. రెండో నంబర్ గారు చెప్పిన పిల్లలకి స్క్రిప్టులు వచ్చు, నిజమే. కానీ వాళ్లు రోజూ చేసే తప్పు ఒకటుంది. ముగ్గురు రోగుల నుంచి పదివేల కణాలు తీసి, ఎన్ (శాంపిళ్ల సంఖ్య) పదివేలు అని పీ-వాల్యూ లెక్కేస్తారు. పక్కన ఎన్నో సున్నాలు చూసి మురిసిపోతారు. ఎన్ ముగ్గురే కదా! ఒక్కో రోగి కణాలని కలిపి ఒక్కో శాంపిల్‌గా చూడాలి. ఈ మాట బెంచ్ మీద పని చేసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. యూమాప్ (కణాలని పోలికల్ని బట్టి చుక్కలుగా పరిచే పద్ధతి) బొమ్మలో రెండు గుంపుల మధ్య దూరం చూసి కథలల్లేవాళ్లు కూడా ఇలాంటివాళ్లే.

మీ పాత ప్రశ్న ఒకటి తీసుకోండి, చిన్నది. మూడు డేటాసెట్లలో చూడండి. బయోఆర్కైవ్‌లో (రివ్యూకి ముందే పేపర్లు పెట్టే సైట్) పెట్టండి. "గత ఐదేళ్ల ప్రచురణలు" గడిలో ఇక సున్నా ఉండదు.

రివ్యూవర్_2

కణాల ఎన్ గురించి అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. నా స్టూడెంట్ కిందటి వారమే తెచ్చాడు.

ఫార్మా_పక్షి

ఇంత బాధ పడి అకడమిక్ ల్యాబే ఎందుకు? మెడికల్ రైటింగ్, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా), రెగ్యులేటరీ, పేటెంట్లు ఉన్నాయి. డీఎస్‌టీ వాళ్లే ఆడవాళ్లకి పేటెంట్ పనిలో ఏడాది శిక్షణ ఇచ్చే స్కీమ్ నడిపారు. క్లినికల్ రీసెర్చ్ అయితే, జీసీపీ (క్లినికల్ ట్రయల్స్ ఎలా నడపాలన్న) నియమాలు ఆర్3 అని 2025 జనవరిలో కొత్తగా వచ్చాయి, పాతవాళ్లంతా మళ్లీ నేర్చుకుంటున్నారు. అక్కడ మీకూ వాళ్లకీ తేడా లేదు. ఇంటి నుంచి పని, టైమ్‌కి జీతం.

పాసేజ్_7

మంచి మాటే అండీ, ఇంట్లోవాళ్లూ అదే అంటున్నారు. కానీ నాకు ల్యాబే కావాలి. కణం ముందు అంచు పల్చటి రేకులా చాచుకుని, గాజుని పట్టుకుని, వెనకభాగాన్ని లాక్కుంటూ వస్తుంది చూడండి, టైమ్-ల్యాప్స్‌లో. అది చూడటం నాకు ఇష్టం. దీనికంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

సీవోటూ_సిలిండర్

ఇంకేం కావాలి.

మోడరేటర్

ఫార్మా ఉద్యోగాల మీద వేరే థ్రెడ్ ఉంది, అటు వెళ్లండి. ఇక్కడ ల్యాబ్ సంగతే.

పాసేజ్_7

ఇంకో భయం. పిల్లల్ని తీసుకురావడానికి సాయంత్రం టైమ్‌కి బయటపడాలి. పాత రోజుల్లో స్క్రాచ్ అసే (కణాల పొర మీద గాటు గీసి అది ఎంత త్వరగా మూసుకుంటుందో చూడటం) చేస్తే అర్ధరాత్రి వెళ్లి ఫొటోలు తీసేదాన్ని. అది ఇక కుదరదు.

సీవోటూ_సిలిండర్

ఇప్పుడు అర్ధరాత్రి వెళ్లే పని లేదు. ఇంక్యుబేటర్ లోపలే కూర్చుని గంటగంటకీ తనే ఫొటో తీసే మైక్రోస్కోప్‌లు చాలాచోట్ల ఉన్నాయి. మీరు వెళ్లాలనుకునే ల్యాబ్‌లో ఉందో లేదో వాళ్ల పేపర్ మెథడ్స్‌లో చూడండి.

మిగతాదంతా క్యాలెండర్. మంగళవారం కణాలు పరచండి, బుధవారం ట్రాన్స్‌ఫెక్షన్, 48 గంటలకి శుక్రవారం పగలే లైసేట్ (పగలగొట్టిన కణాల రసం) తీసి మైనస్ 80లో పడేయండి. బ్లాట్ వచ్చే వారం. గురువారం ట్రాన్స్‌ఫెక్ట్ చేశారా, శనివారం పోయినట్టే. 72 గంటల పాయింట్ కావాలంటే సోమవారం పరిచి మంగళవారం ట్రాన్స్‌ఫెక్ట్ చేయండి, శుక్రవారానికి వస్తుంది. సోమవారమే ట్రాన్స్‌ఫెక్ట్ చేయాల్సి వస్తే ఆదివారం రాకుండా శుక్రవారం పలచగా పరిచి వదిలేసినా 231కి నడుస్తుంది, కాకపోతే సోమవారం పొద్దున ఎంత నిండాయో చూసి మొదలుపెట్టండి. నేను ఒంటరి తల్లితో కలిసి పని చేశాను. మా ల్యాబ్‌లో తక్కువ ప్రయోగాలు చెడగొట్టింది ఆవిడే. ఐదున్నరకి వెళ్లాలి కాబట్టి పొద్దున్నే కాగితం మీద అన్నీ రాసుకుని వచ్చేది. మేం రాత్రి పదకొండుకి రియేజెంట్ అయిపోయిందని కనిపెట్టేవాళ్లం.

మైకో_భయం

పాసేజ్ గారూ, ఆర్నెల్ల మనిషికి ఏం చెప్పారు?

పాసేజ్_7

రెండో నంబర్ గారు చెప్పినట్టే విజిటర్ హోదా, ఇన్సూరెన్స్, ప్రాజెక్ట్ ఏమిటి అని మెయిల్ పెట్టాను. "ఇవన్నీ ఇప్పుడే ఎందుకు, ముందు రండి" అని వచ్చింది. వెళ్లడం లేదు.

గ్రాంట్_గోల గారి దారి పట్టాను. నాకు ఎప్పటినుంచో నచ్చిన వేరే ల్యాబ్ ఒకటుంది. వాళ్లకి మెయిల్ రాశాను, ఇంకా పంపలేదు. అసలుది ఇంగ్లిష్‌లో ఉంది, సారాంశం తెలుగులో పెడుతున్నా:

"గత ఏడేళ్లుగా పరిశోధనకి దూరంగా ఉన్నందుకు ముందుగా మన్నించగలరు. కుటుంబ కారణాల వల్ల నేను విరామం తీసుకోవలసి వచ్చింది. మీ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు కూడా మన్నించండి. నేను త్వరగా నేర్చుకోగలను. మీ ల్యాబ్‌లో ఏదైనా అవకాశం ఉంటే దయచేసి తెలియజేయగలరు. రిటర్నర్ ఫెలోషిప్‌కి అప్లై చేయాలనుకుంటున్నాను. కణాల వలస మీద మీ పేపర్లు నాకు చాలా ఇష్టం."

రివ్యూవర్_2

మేజర్ రివిజన్.

రెండు మన్నింపులూ కొట్టేయండి. ఆయనకి మీరేం ద్రోహం చేశారు? "ఏదైనా అవకాశం" కొట్టేయండి, అది చదివితే ఆయనకి ఖాళీలు గుర్తొస్తాయి, ఖాళీలు లేవు కాబట్టి మెయిల్ మూసేస్తాడు. ఫెలోషిప్ మాట మొదటి వాక్యంలోకి రావాలి, "జీతం నేను తెచ్చుకునే ప్రయత్నం చేస్తాను, మీరు హోస్ట్‌గా ఉంటారా?" అని సూటిగా. అప్లికేషన్ మొదటి డ్రాఫ్ట్ మీరే రాస్తారని, గడువు ఎప్పుడో తేదీతో సహా చెప్పండి. రెండో పేరాలో ఆయన పేపర్‌లో ఒక బొమ్మ గురించి ఒక అసలు ప్రశ్న. "చాలా ఇష్టం" అని అందరూ రాస్తారు. గ్యాప్ మూడో పేరాలో, ఒక్క వాక్యం.

అగరోజ్_అక్క

అడగందే అమ్మయినా పెట్టదు. కానీ అడిగేటప్పుడు అంత వంగి అడగక్కర్లేదు తల్లీ.

పాసేజ్_7

ప్రశ్న ఒకటుంది. వాళ్ల పేపర్‌లో ఒక జీన్ తీసేస్తే గాటు నెమ్మదిగా మూసుకుంటోంది కాబట్టి వలస తగ్గిందన్నారు. కానీ మెథడ్స్‌లో మైటోమైసిన్ సి (విభజనని ఆపే మందు) లేదు, కణాల్ని పెంచే సీరమ్ కూడా పూర్తిగానే ఉంది. ఆ 24 గంటల్లో కణాలు విభజన చెందుతూనే ఉంటాయి కదా. తగ్గింది కదలికా, విభజనా? ఒక్కో కణాన్ని విడిగా ట్రాక్ చేస్తే తేలుతుంది. నా పోస్ట్‌డాక్‌లో చేసిందే అది.

రివ్యూవర్_2

అదే రాయండి. "మీరు తప్పు చేశారు" అని కాదు, "దీన్ని విడదీసి చూడాలని ఉంది" అని. మీ ప్రాజెక్ట్ ప్రపోజల్ కూడా ఇదే అవుతుంది.

సీవీ_కత్తెర

పంపేముందు మీ ఓర్కిడ్ (పరిశోధకుల ఆన్‌లైన్ గుర్తింపు) పేజీ చూసుకోండి, ఆయన మొదట వెతికేది అదే.

పాసేజ్_7

చూశాను. పాస్‌వర్డ్ మర్చిపోయాను, కొత్తది పాత ఇన్‌స్టిట్యూట్ మెయిల్‌కి పంపుతోంది. ఆ మెయిల్ ఎప్పుడో మూసేశారు.

సీవీ_కత్తెర

తిరిగొచ్చే ప్రతివాళ్లకీ ఇదే గొడవ. ఓర్కిడ్ సపోర్ట్‌కి రాయండి, మీరే అని తేల్చుకుని సరిచేస్తారు. ఈసారి సొంత మెయిల్ కూడా జోడించండి. ఇది చదువుతున్న మిగతావాళ్లు, ఉద్యోగం మానకముందే ఈ పని చేసుకోండి.

పాసేజ్_7

ఆ ల్యాబ్ నుంచి జవాబు వచ్చింది. హోస్ట్ సంగతి ఇంకా ఏమీ అనలేదు. వచ్చే వారం వీడియో కాల్‌లో మాట్లాడదాం, పాత ట్రాకింగ్ డేటా కొంచెం చూపించండి అన్నారు. డేటా పాత హార్డ్ డిస్క్‌లో ఉంది కానీ మైక్రోస్కోప్ కంపెనీ సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదు, ఫైళ్లు తెరుచుకోవడం లేదు.

డేటా_పరాన్నజీవి

ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఉచితం. అందులో బయో-ఫార్మాట్స్ ఉంటుంది, పాత కంపెనీ ఫైళ్లు చాలావరకు తెరుస్తుంది. ట్రాకింగ్‌కి ట్రాక్‌మేట్ కూడా దాంట్లోనే ఉంది. మీ రోజుల్లో చేత్తో క్లిక్ చేసి ఉంటారు, అదే సినిమా మీద ఇప్పుడు ట్రాక్‌మేట్ నడిపి రెండూ పక్కపక్కన పెట్టండి.

రివ్యూవర్_2

ఐదు స్లైడ్‌లు మించొద్దు. అందులో ఒకటి పని చేయని ప్రయోగం ఉండాలి.

పాసేజ్_7

తెరుచుకున్నాయి! ట్రాక్‌మేట్ చేత్తో చేసినదానికి దగ్గరగానే ఇస్తోంది, రెండు కణాలు ఒకదాన్నొకటి దాటినప్పుడు మాత్రం పేర్లు మార్చేస్తోంది.

సీవోటూ_సిలిండర్

ఆ పేర్లు మారే చోటు స్లైడ్‌లో పెట్టండి, దాని మీదే అరగంట మాట్లాడుకుంటారు. ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి మధ్య ఎన్ని నిమిషాలో, ఏ ఆబ్జెక్టివ్ లెన్సో మెటాడేటాలో చూసి మూలన రాసుకోండి. మొదట అడిగేది అవే.